గాజు పెట్టెకి ఇవతల

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వైద్యచరిత్రని ఏ పుస్తకంలో చదివినా అది ఒక పెట్టెతోనే మొదలవుతుంది. 1870ల చివర్లో పారిస్‌లో స్టెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలకి వెళ్లాడట. అక్కడ కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి, అలాంటిదే పసిపిల్లలకీ చేసిపెట్టమని అడిగాడట. 1880 ప్రాంతంలో మెటర్నిటే ఆస్పత్రిలో ఆ పెట్టె వాడకంలోకి వచ్చింది. రెండు కిలోల లోపు బరువున్న పిల్లల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయి. ఇక అక్కడినుంచి కథంతా ఒక పెట్టె తర్వాత ఇంకో మెరుగైన పెట్టె, ఒక మగ డాక్టరు తర్వాత ఇంకో మగ డాక్టరు.

ఈ కథ చదువుతున్నంతసేపూ నన్నొక ప్రశ్న వేధించింది. తల్లి ఎక్కడుంది? అలంకారంగా అడగడం లేదు. బిడ్డ పెట్టెలో ఉన్న ఆ గంటల్లో, ఆ వారాల్లో తల్లి అక్షరాలా ఏ గదిలో, ఏ తలుపుకి ఇవతల నిలబడి ఉంది? ‘మనకు తెలియని మన చరిత్ర’ లాంటి పుస్తకం చదివిన వాళ్లకి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలని 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు అడిగి రాసుకున్నాకే కదా అడవిలో కాన్పులూ కన్నబిడ్డని వదులుకోవడాలూ కూడా ఉద్యమ చరిత్రలో భాగమని మనకి తెలిసింది. వైద్యచరిత్రని కూడా అలా అడగాలని నాకనిపించింది.

ముందు పారిస్‌నే చూద్దాం. టార్నియే పెట్టె కనిపెట్టాడు సరే, కానీ నెలతక్కువ పిల్లల కోసం ఒక ప్రత్యేక విభాగం కావాలని పట్టుబట్టి, 1893లో మెటర్నిటేలో దాన్ని నడిపించింది మదామ్ ఆన్రీ అనే ప్రధాన మంత్రసాని. చాలా పుస్తకాల్లో ఆమెకి దక్కింది ఒకే ఒక్క వాక్యం. రెండేళ్ల తర్వాత ఆ విభాగం పియేర్ బ్యుడాఁ చేతికి వచ్చింది, ఆయన పేరే నిలిచింది. అయితే బ్యుడాఁకి న్యాయం చేయాలి. తల్లినుంచి వేరుచేసిన బిడ్డ మీద తల్లికి మమకారం సన్నగిల్లుతోందని గమనించి రాసిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు. తల్లులు పాలిస్తూ ఉండాలనీ పిల్లలు వాళ్ల కంటికి కనిపిస్తూ ఉండాలనీ పట్టుబట్టాడు. పెట్టెకి గాజు గోడ పెట్టించడంలో ఉద్దేశం అదే. తర్వాతి యాభై ఏళ్లలో ఆ గాజు గోడే తల్లిని బయట నిలబెట్టే గోడ అవుతుందని ఆయన ఊహించి ఉండడు.

ఆ తర్వాత జరిగింది చదువుతుంటే ఇది వైద్యమా, తిరనాళ్లా అనిపిస్తుంది. మార్టిన్ కూనీ అనే ఆయన 1896లో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లోనూ 1897లో లండన్‌లోనూ ఇంక్యుబేటర్లలో బతికున్న పిల్లల్ని ప్రదర్శనకి పెట్టాడు. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో 1903 నుంచి 1943 దాకా, రంగులరాట్నాల మధ్య, పాతిక సెంట్ల టికెట్టు మీద ఆ ప్రదర్శన నడిచింది. పిల్లల తల్లిదండ్రుల దగ్గర మాత్రం పైసా తీసుకోలేదు. ఆస్పత్రులు చేతులెత్తేసిన పిల్లలు వేలమంది అక్కడ బతికారు. పాలిచ్చే దాదులుండేవారు, రాత్రీపగలూ చూసుకునే నర్సులుండేవారు. బిడ్డని కన్న స్త్రీ? 1976లో మార్షల్ క్లౌస్, జాన్ కెనెల్ రాసిన పుస్తకంలో ఒక చిన్న వివరం ఉంది. పిల్లల్ని చూసుకునే పనిలో తల్లుల్ని చేయి పెట్టనివ్వలేదు కానీ వాళ్లకి ప్రదర్శనకి ఉచిత పాసులు ఇచ్చేవారట! కన్నబిడ్డని చూడటానికి పాసు. కోలుకున్నాక పిల్లల్ని తీసుకెళ్లమంటే కొందరు తల్లిదండ్రులు వెనకాడారని కూడా అందులోనే ఉంది. దీన్ని తల్లుల కాఠిన్యంగా చదివేవాళ్లుంటారు. బ్యుడాఁ హెచ్చరించిన విషయమే అది.

ఆస్పత్రులు 1920ల తర్వాత మేల్కొన్నాయి. షికాగోలో జూలియస్ హెస్ అనే డాక్టరూ ఎవెలిన్ లండీన్ అనే నర్సూ కలిసి 1922లో ఏర్పరచిన కేంద్రం అమెరికా అంతటికీ నమూనా అయింది. లండీన్ చాలా గట్టి మనిషి. ఆమె పెట్టిన నియమాల ముందు డాక్టర్లు కూడా తలొంచేవారు. ఇన్‌ఫెక్షన్ భయం నిజమైనదే. యాంటీబయాటిక్స్ లేని రోజులవి. కానీ ఆ భయం లోంచి వచ్చిన నియమాలు పెన్సిలిన్ వచ్చాక కూడా పాతికేళ్లు అలాగే ఉన్నాయి. బిడ్డకి గండం తప్పినా తల్లికి తలుపు తెరవలేదు. మనం ‘స్త్రీలే స్త్రీలని అణచారు’ అని తేలిగ్గా అనేసే చోటు ఇదే. ఆడవాళ్లకి వైద్యంలో దొరికిన కొద్దిపాటి అధికారం ఆ తలుపు తాళంచెవి రూపంలో దొరికిందన్నది కూడా చూడాలి.

నర్సుల గురించే ఇంకో సంగతి. 1940ల్లో నెలతక్కువ పిల్లలకి ఊపిరి కోసం ధారాళంగా ఆక్సిజన్ పెట్టేవారు. బతికిన పిల్లలు చాలామంది గుడ్డివాళ్లయ్యారు. ప్రపంచం మొత్తం మీద సుమారు పదివేలమంది. ఆక్సిజనే కారణం కావచ్చని 1951లో మెల్‌బోర్న్ నుంచి చెప్పిన డాక్టరు ఒక స్త్రీ, కేట్ క్యాంబెల్. ఆక్సిజన్ ఎక్కువగా, తక్కువగా వాడిన పిల్లల్ని పోల్చి చూసి చెప్పింది. వాషింగ్టన్‌లో దీన్ని పరీక్షించడానికి కొందరు పిల్లలకి తక్కువ ఆక్సిజన్ ఇస్తుంటే, రాత్రిపూట కొందరు నర్సులు మనసాగక దాన్ని పెంచేసేవారని చెబుతారు. చెయ్యకూడని పనే. కానీ ఆ రాత్రి డ్యూటీలో నీలిరంగుకి తిరుగుతున్న అరచేతంత బిడ్డ పక్కన నిలబడ్డ మనిషిని తప్పుపట్టడానికి నా నోరు రాదు. 1956లో వచ్చిన పెద్ద అధ్యయనం క్యాంబెల్ అనుమానాన్ని రుజువు చేసింది.

ఇక్కడ మాటల గురించి కొంత చెప్పాలి. మన ఇళ్లలో ‘ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు’ అనే మాట ఉంది. ఇది మనదే అనుకుంటాం గానీ, ప్రాచీన గ్రీకు వైద్యంలోనూ ఎనిమిదో నెల బిడ్డ మీద ఒక గ్రంథమే ఉంది. నిజానికి కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ బతికే అవకాశాన్ని పెంచుతుంది. 37 వారాలు నిండకముందు పుడితే నెలతక్కువ. 28 వారాలు కూడా నిండకముందే పుడితే ‘అతి ముందుగా పుట్టిన’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ. ఈ పిల్లలు కిలో దగ్గరో అంతకు లోపో ఉంటారు. వీళ్లకి పెట్టె ఒక్కటే చాలదు. సమస్య ఊపిరితిత్తులది. వాటి లోపలి గాలిగదులు అంటుకుపోకుండా ఉంచే జారుడు పదార్థం వీళ్లలో ఇంకా తయారై ఉండదు. చనిపోయిన పిల్లల ఊపిరితిత్తుల్లో నురుగు లేకపోవడం గమనించి 1959లో ఈ సంగతి తేల్చింది కూడా ఒక స్త్రీయే, మేరీ ఎలెన్ ఏవరీ. క్షయ వ్యాధితో మంచం పట్టినప్పుడు ఊపిరితిత్తుల మీద ఆసక్తి పుట్టిన డాక్టరామె. ఆ పదార్థాన్ని మందుగా పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఎక్కించి చూపించడానికి 1980 దాకా పట్టింది. జపాన్‌లో ఫుజివారా బృందం ఆ పని చేసింది. ఈ లోపల 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఐదున్నర వారాల ముందు పుట్టి, ఈ జబ్బుతోనే 39 గంటల్లో పోయాడు. బిడ్డని బోస్టన్‌కి తరలించారు. తల్లి జాక్విలిన్ కాన్పయిన సైనిక ఆస్పత్రిలోనే ఉండిపోయింది. దేశాధ్యక్షుడి భార్య అయినా సరే, బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట.

అసలు మలుపు నా దృష్టిలో 1972. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో లిగ్గిన్స్ అనే ప్రసూతి నిపుణుడు గొర్రెల మీద వేరే పరిశోధన చేస్తూ, స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెపిల్ల అంత ముందుగా పుట్టి కూడా ఊపిరి పీల్చడం చూశాడు. పిల్లల డాక్టరు హోవీతో కలిసి 282 మంది తల్లులతో పరీక్ష జరిపాడు. ముందస్తు నొప్పులు వచ్చిన తల్లికి రెండు ఇంజెక్షన్లు ఇస్తే పిల్లల్లో ఊపిరి జబ్బు 25.8 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. ఖరీదైన యంత్రం కాదు. తల్లి ఒంటికి ఇచ్చే మామూలు ఇంజెక్షన్. అయినా ఇది అందరికీ చేరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. డబ్లిన్‌కి చెందిన పెట్రీషియా క్రౌలీ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి, 1990లో ఇక సందేహం అక్కర్లేదని చూపించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం 1994లో గానీ గట్టిగా సిఫారసు చేయలేదు. ఎందుకింత ఆలస్యం? దుష్ఫలితాల భయాలు కొన్ని ఉన్న మాట నిజమే. నాకు కనిపించే ఇంకో కారణం, ఆస్పత్రిలో గీసుకున్న సరిహద్దు. తల్లి ప్రసూతి విభాగం రోగి, బిడ్డ పిల్లల విభాగం రోగి. మందు ఇవ్వాల్సింది ఒకరికి, ఫలితం కనిపించేది ఇంకొకరిలో. ప్రసూతి డాక్టరు తన రోగిలో ఏ మార్పూ చూడడు, పిల్లల డాక్టరు చేతికి బిడ్డ వచ్చేసరికే సమయం మించిపోతుంది.

ఈ సరిహద్దు ఎంత అర్థం లేనిదో ఇవాళ్టి వైద్యాన్ని చూస్తే తెలుస్తుంది. 26 వారాల కాన్పు తప్పదనుకున్నప్పుడు ఏం చేస్తారు? కాన్పుకి ముందే తల్లిని పెద్దాస్పత్రికి చేరుస్తారు, ఎందుకంటే బిడ్డని తరలించడానికి తల్లి కడుపుని మించిన అంబులెన్సు లేదు. స్టెరాయిడ్ ఇస్తారు. బిడ్డ మెదడుని కాపాడటానికి తల్లి రక్తంలోకి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. పుట్టాక వీలైతే బొడ్డుతాడు వెంటనే కోయకుండా కాసేపు ఆగుతారు. ఒళ్లు తుడవకుండానే శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వెచ్చదనం పోకుండా చూస్తారు. ఆ పైన ముక్కు గొట్టాల ద్వారా గాలి ఒత్తిడి, అవసరమైతే ఊపిరితిత్తుల మందు, చుక్కలు చుక్కలుగా తల్లి ముర్రుపాలు. సగం చికిత్స తల్లి ఒంట్లోనో ఒంటినుంచో జరుగుతుంది. అయినా బిడ్డ కాగితాల్లో ఆమె స్థానం ‘అటెండెంట్’.

1960ల చివర్లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో తల్లుల్ని చేతులు కడిగించి, గౌను తొడిగి, లోపలికి రానిచ్చి చూశారు. ఇన్‌ఫెక్షన్లేమీ పెరగలేదని 1970లో ప్రకటించారు. అక్కడినుంచి తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంది. కానీ లోపలికి రానివ్వడం వేరు, మాట విననివ్వడం వేరు. ఇది నాకు అర్థమైంది ఒక డైరీ చదివాక.

పెగ్గీ స్టిన్సన్ అనే అమెరికన్ స్త్రీకి 1976 డిసెంబరులో 24 వారాలు దాటగానే కాన్పయింది. బిడ్డ బరువు 800 గ్రాములు. అసాధారణ చికిత్సలు వద్దని ఆమే, భర్త రాబర్టూ మొదట్లోనే చెప్పారు. పెద్దాస్పత్రికి మార్చాక బిడ్డకి వాళ్ల మాటకి వ్యతిరేకంగా వెంటిలేటర్ పెట్టారు. ఆర్నెల్లపాటు ఒక చికిత్స ఇంకో చికిత్సకి దారితీస్తూ పోయి, 1977 జూన్‌లో ఆండ్రూ చనిపోయాడు. భార్యాభర్తలిద్దరూ ఆ రోజుల్లో రాసుకున్న డైరీలు కలిపి ‘ద లాంగ్ డయింగ్ ఆఫ్ బేబీ ఆండ్రూ’ పేరుతో 1983లో వచ్చాయి. సాహిత్య విద్యార్థిగా నేనెన్నో మాతృత్వ కథనాలు చదివాను. బిడ్డని ప్రేమిస్తున్నందుకే ఇక చాలు అనే తల్లి గొంతు నాకు ఇందులోనే మొదటిసారి వినిపించింది. మన సాహిత్యంలో తల్లికి ఈ మాట అనే హక్కు ఎవరిచ్చారు? అంటే ఆమె తల్లే కాదు. ఆస్పత్రి సిబ్బందీ ఆమెని దాదాపు అలాగే చూశారు. ప్రశ్నలు వేసే తల్లి కంటే ఏడ్చే తల్లి వాళ్లకి తేలికగా అర్థమయ్యేది.

దీనికి పూర్తిగా అటు చివర కూడా తల్లులున్నారు, బిడ్డకి ఎలాగైనా వైద్యం చేయమని వేడుకున్నవాళ్లు. 22 నుంచి 25 వారాల మధ్య పుట్టే పిల్లల విషయంలో వైద్యశాస్త్రమే ఖచ్చితంగా ఏమీ చెప్పలేదు. వారంతో పాటు బరువు, ఆడపిల్లా మగపిల్లాడా, ఒకరా కవలలా, ముందుగా స్టెరాయిడ్ అందిందా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే నిర్ణయం తల్లిదండ్రులతో కలిసి తీసుకోవాలి అంటారు. వినడానికి బాగుంటుంది. మా పెద్దమ్మ కూతురికి 25 వారాలకి నొప్పులొచ్చినప్పుడు ఒక ఆస్పత్రిలో ఆ ‘కలిసి’ ఎలా జరిగిందో చూశాను. డాక్టరు మాట్లాడింది వరండాలో, మా బావగారితో, ఆయన అన్నగారితో. మొదటి ప్రశ్న రోజుకి ఎంతవుతుందో భరించగలరా అని. అక్క లోపల బల్ల మీద ఉంది. ఆమెకి పూర్తిగా మెలకువ ఉంది, మాట్లాడగలదు. కాగితం మీద సంతకం మాత్రం బావగారిదే. పాప మూడు రోజులుంది. తనని ఎవరూ ఏమీ అడగలేదనే విషయం అక్క నాతో అన్నది ఏడాది తర్వాత, ఇంకేదో మాట్లాడుతూ. ఎక్కువమంది మగపిల్లల్ని చేర్చి, తక్కువమంది ఆడపిల్లల్ని చేరుస్తున్నారని మన దేశంలోని నవజాత శిశు విభాగాల గురించి యూనిసెఫ్ చెప్పింది. మగపిల్లలు పుట్టుకతో కాస్త బలహీనులన్నది నిజమే కానీ ఆ తేడా అంతటికీ అది జవాబు కాదు. వరండాలో జరిగే సంభాషణలు కూడా ఆ అంకెల్లో ఉన్నాయి.

తల్లి అడిగితే ఏమవుతుందో చెప్పడానికి జిల్ లాసన్ ఉదంతం చాలు. 1985లో వాషింగ్టన్‌లో 26 వారాలకి పుట్టిన ఆమె కొడుకు జెఫ్రీకి గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ చేశారు. కదలకుండా ఉండే మందు ఇచ్చారు, నొప్పి తెలియకుండా చేసే మందు ఇవ్వలేదు. అంత చిన్నపిల్లలకి నొప్పి తెలియదని అప్పటి నమ్మకం. బిడ్డ పోయాక ఈ సంగతి తెలిసి ఆమె ఉత్తరాలు రాసింది, పత్రికలకెక్కింది. సరిగ్గా అదే ఆపరేషన్ అప్పుడు మత్తుమందు ఇచ్చిన పిల్లలు మెరుగ్గా కోలుకున్నారని 1987లో లాన్సెట్‌లో రుజువు చేసిన కె.జె.ఎస్. ఆనంద్ మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టరు. ఆ ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ తన వైఖరి ప్రకటించింది. పాఠ్యపుస్తకాల్లో ఆనంద్ పేరుంటుంది. లాసన్ పేరు తల్లిదండ్రులు రాసిన వ్యాసాల్లో తప్ప అరుదు.

ఇక అందరూ సంతోషంగా చెప్పుకునే అధ్యాయం, కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే, ఆ మరుసటి ఏడాది నుంచి హెక్టర్ మార్టినెజ్, ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టాల్సి వస్తే, తల్లి గుండెల మీద బిడ్డని నిలువుగా కట్టి ఇంటికి పంపారు. నతాలీ షార్‌పాక్ దీన్ని అధ్యయనం చేసి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని ఫలితాలు చూపించింది. ముంబైలో సయన్ ఆస్పత్రిలో అర్మిడా ఫెర్నాండెజ్ నర్సులు చాలని చోట తల్లుల్నే లోపలికి తెచ్చి, 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టింది. హైదరాబాద్ నీలోఫర్‌లో అలాంటి బ్యాంకు 2017లో వచ్చింది. పనిమనిషి కాన్పులో చనిపోవడం చూసి తల్లడిల్లిన యువరాణి నీలోఫర్ పేరున 1953లో వెలసిన ఆస్పత్రి అది.

సంతోషించాల్సిందే, కానీ నేను పూర్తిగా సంతోషించలేను. పెట్టె లేకపోతే తల్లి, నర్సు లేకపోతే తల్లి. రోజుకి ఇరవై గంటలు బిడ్డని గుండెకి కట్టుకుని కదలకుండా కూర్చోవడం పని కాదా? అది ‘సహజం’ కాబట్టి దానికి లెక్కా జమా లేవు. కాన్పు కుట్లతో ఉన్న మనిషికి తిండెవరు పెడతారు, ఇంట్లో పెద్దపిల్లని ఎవరు చూస్తారు, కూలి పోతే ఎవరిస్తారు? మన దేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకి పెరిగింది, అది కూడా ఎక్కువగా సంఘటిత రంగంలో ఉన్న కొద్దిమందికి. పొలం పనికి వెళ్లే స్త్రీకి ఆ చట్టం ఏనాడూ చేరువ కాలేదు. నెలతక్కువ బిడ్డ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తల్లికీ తండ్రికీ విడిగా పన్నెండు వారాల దాకా సెలవిచ్చే చట్టం బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చగా ఉంటుందని చెప్పే పరిశోధనలున్నాయి. ‘కంగారూ తల్లి’ అనే పేరు మాత్రం మారలేదు.

అందుకే 2021లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఆకట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో జరిగింది. అంతకుముందు దాకా బిడ్డ కుదుటపడ్డాకే తల్లి గుండెల మీద పెట్టేవారు. వీళ్లు పుట్టిన వెంటనే పెట్టారు. నెలరోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తేడా స్పష్టంగా కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. కిలోకి తక్కువ ఉన్న పిల్లలు అందులో లేరు. అంటే మనం మాట్లాడుకుంటున్న అతి చిన్నవాళ్ల గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. అయినా ఆ పరీక్ష జరగాలంటే ముందు ఒక పని చేయాల్సి వచ్చింది. పిల్లల ఇంటెన్సివ్ కేర్ గదిలో తల్లులకి మంచాలు వేశారు. బిడ్డ పక్కనే తల్లీ రోగిగా ఉంది. ఆమె రక్తపోటు చూడటానికి, కుట్లు చూడటానికి ప్రసూతి విభాగం వాళ్లు తమ ట్రాలీ తోసుకుంటూ ఆ గదిలోకే వచ్చారు.